ఉల్లిదిబ్బ బడి గోడలో ఖాళీ

ఏం చూశారు, చెప్పండి. బళ్ళో పిల్లలు నల్లడబ్బా కళ్ళకు కట్టుకుని, ఉత్త గాలిని చేతులతో తడుముతుంటే మీరూ చూసే ఉంటారు. అక్కడ మీకు చదువు కనిపించిందా, డబ్బా కనిపించిందా? సరే, ఆలోచించుకోండి. ఈలోగా ఉల్లిదిబ్బ వాళ్ళ సంగతి వినండి.

ఉల్లిదిబ్బ వాళ్ళకు తమ తెలివి మీద మహా నమ్మకం. పక్క ఊళ్ళవాళ్ళు ఒక మాట విని, దానికి పది అర్థాలు తీసి, చివరికి ఏమీ చెయ్యరట. తాము అలా కాదట, అన్నది అన్నట్టు చేసేస్తారట. అందులో మొదటివాడు బడి కమిటీ పెద్ద తవిటినాయుడు. రెండోవాడు అతని బావమరిది అచ్చియ్య.

ఆ బడికి ప్రభుత్వం వీఆర్ కళ్ళద్దాలు, అదే ఆ నల్లడబ్బా, పంపింది. నలభై మంది పిల్లలకు ఒక్కటే డబ్బా. అది పెట్టుకుంటే కంటికి ఆనని అణువు కూడా ఏనుగంత కనిపిస్తుందట. వెంట ఒక కాగితం వచ్చింది. శుక్రవారం అధికారి వస్తాడు, బడి పనికిరాదని తేలిస్తే వాగు అవతలి బళ్ళో కలిపేస్తారు. ఏడో తరగతి చదివే మనవరాలు పైడితల్లిని వానాకాలం ఆ వాగు దాటించడం తవిటినాయుడి వల్ల కాదు. బడి పోతే పిల్ల చదువు పోయినట్టే.

ముందు తానే చూస్తానని డబ్బా పెట్టుకున్నాడు. గోడకు గుద్దుకుంటాడని సువార్త టీచరు నేల మీద సుద్దతో గిరి గీసి, ఇది దాటొద్దంది. అంతే. డబ్బా తీసేసినా, బడి వదిలేసినా అతను గిరి దాటలేదు. గంజి అక్కడికే తెప్పించుకున్నాడు. సాయంత్రం పెళ్ళాం గవరమ్మ వచ్చి చీపురుతో గిరి చెరిపేస్తే, ఇప్పుడు తాను లోపలున్నట్టా, బయట ఉన్నట్టా అని తగువు పెట్టుకున్నాడు.

మర్నాడు టీచరు పాఠం చెప్పింది. బల్లయినా గోడయినా మనిషయినా అన్నీ అణువులేనట. అణువు నడుమ పిసరంత కేంద్రకం, చుట్టూ తిరిగే రేణువులు, మిగతాదంతా ఖాళీయేనట. పైడితల్లికి చక్కగా అర్థమైంది. తాతకు ఇంకా చక్కగా అర్థమైంది. అంతలో శిక్షణ ఉందని టీచరును మండలానికి పిలిపించారు. డబ్బాలు పంపేవాళ్ళకు, పాఠం చెప్పేవాళ్ళను బళ్ళో ఉండనిచ్చే అలవాటు లేదు కదా.

ఆమె బస్సెక్కగానే తవిటినాయుడు బావమరిదిని పిలిచాడు. "విన్నావట్రా అచ్చియ్యా? గోడంతా ఖాళీయేనంట. కంట్రాక్టరు మనల్ని ముంచేశాడు."

"ఖాళీ గోడ పిల్లల మీద పడితేనో, బావా?"

"అందుకే పగలగొట్టి, ఖాళీ ఎక్కడుందో చూసి పూడ్చేద్దాం."

"తాతా, అన్నీ అంతే. నీ తలకాయ కూడా ఖాళీయే" అంది పైడితల్లి.

"నా తలకాయ కంట్రాక్టరు కట్టింది కాదే" అన్నాడు తాత.

ఇంకేముంది, పిల్లల్ని బయటికి పంపి గునపాలు పట్టారు. ఒక గోడ పగలగొట్టారు, ఖాళీ దొరకలేదు. పక్క గోడలో దాక్కుందన్నాడు అచ్చియ్య. అదీ పగలగొట్టారు. మూడోది వాళ్ళు ముట్టుకోకుండానే పడింది, పైకప్పును వెంటబెట్టుకుని. అప్పుడు కనిపించింది ఖాళీ, బడి ఉన్నంత మేరా.

"దొరికింది బావా" అన్నాడు అచ్చియ్య.

శుక్రవారం అధికారి జీపు దిగాడు. పైడితల్లి ఎదురెళ్ళి కేంద్రకం, రేణువులు, ఖాళీ అన్నీ గడగడా చెప్పేసింది. ఆయన వినిపించుకోలేదు. ఆయన కాగితంలో మొదటి గడి గోడలది, పిల్లలది ఆఖరి గడి. గోడలు చూపించమన్నాడు. తవిటినాయుడు ఇంట్లో దాచిన డబ్బా తెచ్చాడు. డబ్బాలో పాఠం మొదలయ్యే ముందు ఒక తరగతి గది బొమ్మ వస్తుంది. ఆ బొమ్మ పెట్టి, డబ్బాను ఆయన కళ్ళకు కట్టేశాడు.

అధికారి తల అటూ ఇటూ తిప్పి మురిసిపోయాడు. రంగు వేసిన గోడలు, కొత్త బెంచీలు, తిరిగే ఫ్యాన్లు. డబ్బా తీసి, చుట్టూ ఉన్న ఇటుకల కుప్పల వంక చూడకుండానే రాసేశాడు. భవనం దివ్యంగా ఉంది, బడి ఇక్కడే ఉండాలి, సోమవారం నుంచి పిల్లలంతా ఈ భవనంలోనే కూర్చోవాలి. సంతకం పెట్టి వెళ్ళాడు.

బడి నిలిచింది. తవిటినాయుడు కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ భవనం ఉన్నది డబ్బాలోనే కదా, సోమవారం పొద్దున్నే పిల్లలంతా దాని ముందు వరస కట్టారు. చెప్పులు బయటే విప్పమని అచ్చియ్య అరుస్తున్నాడు. మబ్బు కమ్మింది, చినుకులు పెద్దవయ్యాయి. "లోపలికి జరగండమ్మా, తడిసిపోతారు" అని తవిటినాయుడు ఇద్దరి తలలు ఒకేసారి డబ్బాలోకి నెడుతున్నాడు. పైడితల్లి పుస్తకాల సంచీ పొట్టకు హత్తుకుని వానలో నిలబడింది. వరసలో నలభై మంది, డబ్బా ఒక్కటి. ముందు ఎవరి పిల్లను లోపలికి పంపమంటారు?