నూకాలు దాచిన మరక

అనగనగా ఒక అడవిలో, ఎర్రమట్టి దిబ్బ కింద కుందేళ్ల పేట ఒకటి ఉండేది. అక్కడ నూకాలు అనే తల్లి కుందేలు తన ముగ్గురు పిల్లలతో ఒక కలుగులో కాపురం ఉండేది. ఆ కలుగు ఎప్పుడు చూసినా అద్దంలా ఉండేది. గాలికి గడ్డిపోచ లోపలికి వచ్చినా నూకాలు ఊరుకునేది కాదు. "ఇల్లంటే నూకాలుదేనమ్మా!" అని నలుగురూ మెచ్చుకుంటే ఆమె చెవులు ఇంకో బెత్తెడు నిక్కేవి. ఆ మెప్పే కొంప ముంచింది పిల్లలూ, వినండి.

ఒకరోజు పిల్లలు తల్లి లేని ముంగిసపిల్లను వెంటబెట్టుకొచ్చారు. ఒళ్లు నల్లగా ఉందని దానికి మసి అని పేరు పెట్టారు.

"పెంచుకుందామే అమ్మా!" అని చిన్నవాడు తవుడు తల్లి కాళ్లకు చుట్టుకున్నాడు. వాడు అడిగితే నూకాలు కాదనలేదు.

మూడో రోజున మసి పడక మూల ఉచ్చ పోసి తడిపేసింది.

ఇలాంటివి జరిగితే ఏం చెయ్యాలో ఆ పేటలో కట్టుబాటు ఉంది. వాసన పట్టి నక్క వస్తుంది కదా! అందుకని తడిసిన మట్టిని జానెడు లోతు గీకెయ్యాలి. దాన్ని పట్టపగలు, అందరి గుమ్మాల ముందు నుంచీ మోసుకెళ్లి వాగులో కలపాలి. గీకిన చోట చింతకాయ పులుసు పోసి, ఆరాక బూడిద చల్లాలి. పడక గడ్డిని ఎండలో వెయ్యాలి. పగలే ఎందుకంటే, ఎవరూ దాచడం లేదని అందరికీ తెలియడానికి.

పేటకు పెద్దదిక్కైన ముసలి కుందేలు పోలమ్మ గుమ్మం దగ్గరకొచ్చి ముక్కు ఎగబీల్చింది.

"నూకాలూ, వాసనొస్తందే. వాగు అవతల నక్కలు దిగాయంట. ఇయ్యాలే గీకెయ్. నేనూ ఓ చెయ్యేస్తాను."

"మా ఇంట్లో వాసనేటత్తా! పక్కింట్లోంచేమో చూడు," అంది నూకాలు. కంపు మట్టి నెత్తిన పెట్టుకుని పేట మధ్య నడవడం తలుచుకుంటేనే ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఆ మరక మీద ఆకుల చాప ఒకటి పరిచి ఊరుకుంది.

మర్నాడు మసి మళ్లీ అక్కడే తడిపింది. పాత వాసన రా రమ్మని పిలుస్తుంటే ఆ పసిప్రాణి మాత్రం ఏం చేస్తుంది? నూకాలు ఇంకో రెండు చాపలు పరిచి, వాటి మధ్య మొగలి రేకులు కూరింది. ఇల్లంతా గుప్పుమంది.

అయినా మసి ముచ్చటగా మూడోసారి కూడా అక్కడే తడిపింది. నూకాలుకు ఒళ్లు మండిపోయింది. దాన్ని నాలుగు బాది బయటకు గెంటేసింది.

"అమ్మా, దాన్ని కొట్టకే. ఆ చోటే ఇంకా కంపు కొడతంది," అని తవుడు ఏడ్చాడు.

"నోర్ముయ్. నాకు పూల వాసన తప్ప ఇంకేటీ రావట్లేదు."

అబద్ధం కాదు. రోజూ అందులోనే ఉండి ఆమె ముక్కుకు అలవాటైపోయింది.

మసిని పోలమ్మ చేరదీసింది. అక్కడా అది ఒకసారి తడిపింది. పోలమ్మ సిగ్గుపడకుండా మట్టి గీకి, పేట మధ్యలోంచే మోసుకెళ్లింది. ఆ తర్వాత మసి ఆ ఇంట్లో ఎన్నడూ తడపలేదు.

నూకాలు ఇంట్లో మాత్రం చాపలు ఒకదాని మీద ఒకటి పేరి ఆ మూల మెత్తగా తయారైంది. కింద మట్టి నాని ఉంది. తవుడు రోజూ అక్కడే పడుకునేవాడు.

"ఇక్కడ మసి వాసన వస్తందమ్మా," అనేవాడు.

ఒక సాయంత్రం నూకాలు మేతకు వెళ్లింది. పొద అవతల రెండు నక్కలు మాట్లాడుకోవడం ఆమె చెవిన పడింది.

"పూల వాసన కింద ఉచ్చ వాసన. ఎవరో ఏదో దాస్తన్నారు," అంది మొదటిది.

"ఎక్కడో నాకు తెలుసులే. దిబ్బకి అటేపు మట్టి మెత్తగుంది. రెండు తవ్వులకే దారొచ్చేత్తది," అంది రెండోది.

నూకాలు పడుతూ లేస్తూ పరుగెత్తింది. నక్కలు ఆమెకన్నా ముందే చేరాయి. పెద్ద పిల్లలిద్దరూ వెనక దారిన తప్పించుకున్నారు. తవుడు నిద్రలో ఉన్నాడు. నక్క తవ్విన కన్నం సరిగ్గా వాడి పడక దగ్గర తేలింది.

తెల్లారాక నూకాలు మట్టి గీకడం మొదలుపెట్టింది. గోళ్లు విరిగినా ఆపలేదు. పట్టపగలు అందరి గుమ్మాల ముందు నుంచీ మోసింది. ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే వచ్చి ఆమె వెనక నడిచారు.

"ఒక్క పూట సిగ్గు పడుంటే నా బిడ్డ బతికేవాడత్తా!" అని నూకాలు వాగు ఒడ్డున కూలబడి బావురుమంది. పోలమ్మ ఆమెను దగ్గరకు తీసుకుంది.

ఇంటికొచ్చాక ఇక పడక గడ్డి ఒక్కటే మిగిలింది. నూకాలు దాన్ని ముఖానికి ఆనించుకుంది. అందులో తవుడి వాసన ఉంది. ఇద్దరు పిల్లలు ఆమె వంక భయంగా చూస్తున్నారు. ఆమె లేచి, ఆ గడ్డిని పోచపోచా విడదీసి ఎండలో పరిచింది.

నీతి: మన ఇంటి తప్పును నలుగురి ముందైనా సరే కడుక్కోవాలి. సిగ్గుపడి కప్పిపెడితే, దాని ఫలితం మనింట్లో ఏ పాపమూ ఎరగనివాళ్లు అనుభవిస్తారు.