టిక్కా మచ్చలకు మార్కులు

సుచరితకు తన గురువు మీద అనుమానం పట్టుకుంది.

ఆయన పేరు డాక్టర్ దస్తగిరి. కదిరి దగ్గర ఒక వేరుశనగ పరిశోధన పొలంలో, టిక్కా తెగులును తట్టుకునే రకం కోసం ఏళ్ల తరబడి పనిచేస్తున్నాడు. సుచరిత ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. ఆ ఉదయం ఆయన పొలం గట్టున చాప పరుచుకుని నమాజు చేశాడు. చివర్లో చేతులు చాచి, పక్కనున్నవాళ్లకు వినబడేలా అడిగాడు.

"యా అల్లా, ఈసారైనా నా రకాన్ని నిలబెట్టు."

పొలంలోని రకాలన్నిటికీ మార్కులు వేయాల్సింది ఆ రోజే. దానికి యంత్రాలేమీ లేవు. ఆకుల మీద మచ్చలను కంటితో చూడాలి. మచ్చలు పెరిగే కొద్దీ మార్కు తగ్గాలి. దేవుణ్ణి అంతగా వేడుకున్న మనిషి కంటికి మచ్చలు ఉన్నవి ఉన్నట్టు కనబడతాయా? ఆయన తప్పు రాస్తే రైతులు ఆ విత్తనమే వేసుకుని మునిగిపోతారు.

ఆయన ఎటు కదిలితే సుచరిత అటు కదిలింది.

"ఏమ్మా, పొద్దుటి నుంచీ నా వెనకాలే ఉన్నావు?"

"మార్కులు మీరు వేయకపోతే మంచిది సార్. పొద్దున మీరు అడిగింది విన్నాను."

ఆయనకు కోపం రాలేదు. "నిజమే. నువ్వే వెయ్యి" అని పెన్ను ఆమె చేతిలో పెట్టాడు.

సుచరిత మొదటి మడి వైపు నడిచింది. వెనక నుంచి ఆయన పిలిచాడు.

"నువ్వేం కోరుకున్నావమ్మా?"

"నేను దేవుణ్ణి నమ్మను సార్."

"అది కాదు. నా రకం నిలవాలనుకున్నావా, పోవాలనుకున్నావా?"

అది పోవాలి, ఆయన దాన్ని దాచబోవాలి, తను పట్టుకోవాలి. పొద్దుటి నుంచీ ఆమె ఎదురుచూస్తున్నది దానికే.

దస్తగిరి ట్రాక్టరు డ్రైవరు ఓబులేసును పిలిచాడు. ప్రతి మడిలో కొన్ని మొక్కలు పీకి, కట్టలు కట్టి, తనకు తోచిన వరసలో షెడ్డులో పెట్టమన్నాడు. ఏది ఏ రకమో ఎవరికీ చెప్పొద్దన్నాడు. తర్వాత ఇద్దరూ విడివిడిగా మార్కులు వేశారు.

సుచరిత ఓరకంట చూస్తూనే ఉంది. ఒక కట్ట దగ్గర ఆయన చాలాసేపు ఆగాడు. ఆకులు తిరగేసి, మురిపెంగా నిమిరి, పెద్ద మార్కు వేశాడు. తన రకాన్ని గుర్తుపట్టేశాడు అనుకుంది.

ఓబులేసు పేర్లు చెప్పాడు. ఆ కట్ట వేరే కేంద్రం వాళ్లు పంపిన రకం. దస్తగిరి రకానికి ఇద్దరూ వేసింది అట్టడుగు మార్కే.

ఆయన మార్కుల కాగితం మీద తన రకం పేరు కొట్టేసి, కింద సంతకం చేశాడు. తర్వాత చాప చంకన పెట్టుకుని గట్టు వైపు బయలుదేరాడు.

సుచరిత ఉండబట్టలేక అడిగింది. "ఇంకా ఎందుకు సార్? మీరు అడిగింది దేవుడు ఇవ్వలేదు కదా."

"కాదన్నాడు" అన్నాడాయన. "కాదన్నాడని మాట్లాడ్డం మానేస్తామా అమ్మా?"

సుచరిత ఇంకో ప్రశ్న కోసం వెతుక్కుంది. ఈలోపు ఆయన గట్టు చేరి చెప్పులు విడిచాడు.