నేలవంతు తీసిన తిప్పక్క

మేఘాలు ఊరి పేరు అడిగి మరీ కురిసే రోజుల్లో, ఎద్దులు దారి చెబితే మనుషులు నడిచే రోజుల్లో, మన తాతల తాతలు ఇంకా మట్టిలోనే ఉన్న రోజుల్లో, ఎర్రకొండల కింద ఒక సీమ ఉండేదంట. ఆ సీమలో తిప్పక్క అనే ఆడమనిషి ఉండేదంట.

తిప్పక్క పని పైరుకు అంచనా కట్టడం. కోతలకు ముందు చేనుచేనుకూ తిరిగి, కంకి వెన్ను పట్టి చూసి, ఇంత పండుతుందని చెప్పాలి. ఆమె మాటను బట్టే దొర తన వంతు తీసుకునేవాడు, రైతు తన గాదె కట్టుకునేవాడు. అది వాళ్ల నాయన చేసిన పని. ఆయనకు మగబిడ్డలు లేరు. ఆయన వేలు పట్టుకుని గట్లన్నీ తిరిగిన కూతురికే ఆ పని వచ్చింది.

తిరగడమంటే అట్లా ఇట్లా తిరగడం కాదు. కూర్చుంటే కాళ్లు లాగేవి. సంగటి ముందు కూర్చున్నా ఒక మోకాలు లేచే ఉండేది.

"నీ అరికాళ్లలో చీమలు పుట్ట పెట్టినాయేమే" అనేవాడు మొగుడు బీరప్ప. ఆయన గొర్రెలు కాసుకునే మనిషి. మహా నిదానం. ఆయన ఒక గడ్డిపోచ నమిలేలోగా ఆమె మూడు చేలు చూసి వచ్చేది.

ఆ తిరుగుడుకు ఒక కారణం ఉంది. వాళ్ల నాయన వెన్ను మాత్రమే చూసేవాడు. తిప్పక్క వెన్ను చూసినాక వంగి, మొక్క మొదట్లో మట్టి తవ్వి, గుప్పిట్లో పిసికి, వాసన చూసేది. పైన ఎంత పండిందో అందరూ చూస్తారు. కింద ఎంత మిగిలిందో ఎవరు చూస్తారు? ఈ మాటే ఆమెను కూర్చోనిచ్చేది కాదు.

ఇట్లా ఉండగా ఆ సీమ దొర చిక్కప్పనాయకుడికి పత్తి మీద మనసు పోయింది. పత్తి ఇస్తే గుర్రాలిస్తామని దూరదేశపు బేహారులు వచ్చి ఆశ పెట్టినారు. దొర చాటింపు వేయించాడు. జొన్న వద్దు, కొర్ర వద్దు, కంది వద్దు. కొండ మొదలు వాగు దాకా పత్తే వేయాల. రైతులూ కాదనలేదు. పత్తికి బదులు ఇంటింటికీ రంగుచీరలు వస్తున్నాయి, రాగి బిందెలు వస్తున్నాయి. ఎవరికి చేదు?

మొదటి ఏడు చేలన్నీ తెల్లగా నవ్వినాయి. తిప్పక్క తిరిగి తిరిగి దొర దగ్గరికి పోయింది.

"దొరా, పైన బాగా పండింది. కింద నేల అలిసింది."

"పండిన ఏడు ఏడుపెందుకమ్మా?" అని దొర నవ్వినాడు.

రెండో ఏడు కాయ చిన్నదైంది. తిప్పక్క తిరిగి తిరిగి దొర దగ్గరికి పోయింది.

"దొరా, పైన తగ్గింది. కింద నేల అలిసింది."

"వాన తగ్గింది తల్లీ. నేలకేమైంది? నిన్న ఉన్నచోటే ఉంది కదా!"

మూడో ఏడు మొక్క మోకాలు దాటలేదు. తిప్పక్క తిరిగి తిరిగి దొర దగ్గరికి పోయింది.

"దొరా, పైన లేదు. కిందా లేదు."

ఈసారి దొర నవ్వలేదు. రైతులూ నవ్వలేదు. "ఈ ఆడమనిషి నోట మంచిమాట రాదు. ఈమె కాలు పెడితే చేను పాడైతుంది" అన్నారు. ఆమె దూరంగా కనబడితే చాలు, చేని దారికి కంప అడ్డం వేసినారు.

అంచనా కట్టేదానికి చేను లేదు. అయినా ఇంట్లో ఉండలేదు. కంపల బయట బయటే తిరిగింది. తిరిగి తిరిగి ఒకరోజు మొగుడి ముందు నిలబడింది.

"ఏమప్పా, బోడిచేను అడుగుదామా?"

బోడిచేను కొండవాలులో ఉండేది. అందరూ వదిలేసిన చేను. నాగలి దిగేది కాదు. వాన పడితే బండ మీద పడినట్టు జారిపోయేది. అడిగితే దొర, "తీసుకో పో. అక్కడ తేళ్లు కూడా కాపురం పెట్టవు" అన్నాడు.

తిప్పక్క వాగు మలుపులో పేరుకున్న ఒండ్రుమట్టి గంపలతో మోసింది. వాలుకు అడ్డంగా గట్లు పోసింది. బీరప్ప మందను తెచ్చి ఆ చేలోనే పడుకోబెట్టింది. ఒండ్రు మోయి, గట్టు పోయి, మంద పెట్టు. ఎండాకాలమంతా ఇదే పాట.

బీరప్పకు ఓపిక అయిపోయింది. "కొండ అవతల గడ్డి ఉందంట గదే! మందలన్నీ పోతుండాయి. ఈ బోడినేల మీద పెంట వేయించుకుంటా కూర్చుంటే నా గొర్రెలు చచ్చిపోతాయి."

"ఒక్క వాన పడేదాకా ఉండప్పా."

"గొర్రె ముఖ్యమా, మన్ను ముఖ్యమా చెప్పు."

తిప్పక్క గంప ఎత్తుకుని వాగుకు పోయింది. బక్కచిక్కిన గొర్రెపిల్లలు కొన్ని ఆ ఎండకు రాలిపోయినాయి. బీరప్ప వాటిని పూడ్చి వచ్చి చేతులు కడుక్కున్నాడు.

వాన ఆలస్యంగా వచ్చింది, అదీ మొహమాటానికి. తిప్పక్క బోడిచేనంతా ఉలవలు చల్లింది. ఇక మళ్లీ చినుకు లేదు. ఊళ్లో పత్తి మొలకలు మొలకలుగానే మాడిపోయినాయి. ఇంటింటికీ రాగి బిందెలు ఉన్నాయి, వండేదానికి గింజల్లేవు. బిందెను కొరికితే పన్ను రాలుతుంది గానీ కడుపు నిండదు కదా!

బోడిచేలో మాత్రం ఉలవ తీగ సాగింది. ఒండ్రు పట్టి ఉంచిన ఆ కాస్త తడికే పాకింది, పూతకు వచ్చింది. ఆ పచ్చదనం కనబడి ఊరంతా కొండెక్కింది. కంపలు అడ్డం వేసినవాళ్లే వచ్చినారు. తిప్పక్క పాత మాట ఎత్తలేదు. పుల్లలు పాతి చేను మూడు వంతులు చేసింది.

"ఇది కాయ కాసినాక మీరు తినండి. ఇది విత్తనానికి. ఇది నేలవంతు" అని, ఆ మూడో వంతులోకి కాడి కట్టిన ఎద్దుల్ని తోలింది.

పూత మీదున్న పైరును దున్నేస్తుందని అప్పుడు అర్థమైంది జనానికి. అందరూ అరిచినారు. లింగమ్మ అనే ఆమె చంకలో బిడ్డతో వచ్చి ఎద్దులకు ఎదురు నిలబడింది.

"అక్కా, నా బిడ్డ చూడు. డొక్కలు లెక్కపెట్టుకోవచ్చు. దీని పొట్టలో పోసేదాన్ని మట్టిలో పోస్తావా? నీకు చేతులెట్లా వస్తుండాయి?"

చేతులు రాలేదు. ఊహ తెలిసినాక మొదటిసారి తిప్పక్క కాళ్లు కూడా నిలిచిపోయినాయి. చాలాసేపు ఆ బిడ్డనే చూసింది.

"నేల కూడా తినాల లింగమ్మా" అంది. "ఇన్నేళ్లూ మనమే తిన్నాం. దానికి ఒక్క ముద్ద పెట్టలేదు. ఇది తినకపోతే వచ్చే ఏడు నీ బిడ్డకు పెట్టేదానికి ఎవరి చేలోనూ ఏమీ ఉండదు."

"నీకు తెలుసా? ఒట్టేసి చెప్పగలవా?"

"తెలీదు. ఒట్టెయ్యలేను" అంది తిప్పక్క. "తప్పైతే ఈ పాపం నాదే. మా ఇద్దరు తినే వంతు ఇప్పుడే నీకిస్తుండా. కాయ కాసినాక నీ బిడ్డకు పెట్టుకో."

ఎవరో మట్టిగడ్డ విసిరినారు. తిప్పక్క నుదురు పగిలింది. బీరప్ప కర్ర పట్టుకుని పరుగున వచ్చినాడు. జనాన్ని చూసినాడు. పెళ్లాం మొహం మీద కారే నెత్తురు చూసినాడు. ఇక ఈయన ఆపుతాడులే అనుకున్నారు అందరూ. బీరప్ప కర్ర కింద పడేసి, ఎద్దుల పగ్గం అందుకున్నాడు.

"నాగలి మేడి గట్టిగా పట్టుకోమే" అన్నాడు.

పచ్చని తీగ పూతతో సహా నేల కిందికి పోయింది. లింగమ్మ గట్టు మీద కూలబడి, తన పిల్లను పూడ్చిపెడుతున్నట్టు ఏడ్చింది.

ఉలవ కాసింది. పలచటి ఉలవకట్టుతో ఊరు ఊపిరి నిలబెట్టుకుంది. దొర ఇంట్లో కూడా అదే. గుర్రాలకు గడ్డి లేక బేహారులకే వాటిని తిరిగి తోలేసినారు. తిప్పక్క, బీరప్ప ఆకులు ఉడకేసుకున్నారు, కొండగడ్డలు తవ్వుకున్నారు.

మళ్లీ వానలు వచ్చినాయి. బీరప్ప ఒక పొట్టేలునిచ్చి కొండ అవతల నుంచి జొన్న తెచ్చినాడు. ఊళ్లోవాళ్లు వాళ్ల చేలల్లో ఇంత చల్లుకున్నారు. తిప్పక్క నేలవంతులో చల్లింది. అప్పటికే ఆమె ఎముకల గూడు. అయినా పొద్దున లేస్తే చేలో ఉండేది. మట్టి తవ్వడం, చూడడం, కప్పడం.

జొన్న మొలిచింది. "ఏమంటుందే నేల?" అని అడిగినాడు బీరప్ప. "ఇంకా తెలీదప్పా" అంది.

జొన్న మోకాలెత్తు అయింది. "ఏమంటుందే?" "ఇంకా తెలీదు."

జొన్న పొట్ట మీదికి వచ్చి, వెన్ను ఇంకా ఆకు మడతలోనే ఉండగా తిప్పక్కకు జ్వరం తగిలింది. బీరప్ప ఆమెను చేని గట్టు మీదే నీడ కట్టి పడుకోబెట్టినాడు. "వెన్ను బయటపడిందా?" అని అడిగింది. "ఇంకా లేదే. రేపో మాపో" అన్నాడు. ఆమె లేచి చూడాలనుకుంది. లేవలేకపోయింది. గట్టు పక్క తడిమన్ను వేళ్లతో తడుముతూ తడుముతూ, నేల ఏమందో తెలియకుండానే కన్నుమూసింది.

ఆ తర్వాత వెన్ను బయటపడింది. ఊళ్లో చేలల్లో జొన్న సగం నిలిచింది, సగం వాలింది. నేలవంతులో మాత్రం కంకి బరువుకు దంటు వంగింది. దొర నడిచి వచ్చినాడు. చుట్టూ చూసినాడు.

"అంచనా ఎవరు కడతారిప్పుడు?"

బీరప్ప తల వంచుకున్నాడు. లింగమ్మ బిడ్డను గట్టు మీద దించి ముందుకు వచ్చింది. కంకి వైపు చూడలేదు. వంగి, దంటు మొదట్లో తవ్వి, పిడికెడు మన్ను తీసి దొర చేతిలో పెట్టింది. మెత్తటి నల్లమన్ను. అందులో ఒక వానపాము కదులుతోంది.

"దొరా, కింద బాగుంది. పైన మీరే చూసుకోండి."

దొర ఆ మన్ను పారేయలేదు.

"పంటలో మీకో వంతు తీసుకోండి, మాకో వంతు ఉంచండి" అంది లింగమ్మ. "నేలవంతు మీద మాత్రం మీరూ చేయి పెట్టొద్దు, మేమూ పెట్టం. మా అక్క దాని కోసం నెత్తురు పెట్టింది."

"అట్లనే కానీ తల్లీ" అన్నాడు దొర.

ఆ దొరలు పోయినారు. ఆ బేహారులూ పోయినారు. ఆ సీమలో ఇప్పటికీ కొత్తజొన్న ఇంటికి వచ్చిన రోజు సంగటి వండి అందరికీ వడ్డిస్తారు. ఎవరూ ముట్టరు. ఇంటి పెద్దామె గడపలోకి వచ్చి, చేను ఉన్న వైపు తిరిగి, "నేల తిన్నదా?" అని అడుగుతుంది. దంటు చేలోనే వదిలామనో, పెంట తోలామనో, పచ్చిరొట్ట దున్నామనో గుర్తు చేసుకుని, లోపలివాళ్లు "తిన్నది" అంటారు. అప్పుడే ముద్ద నోట్లోకి పోతుంది.

ఒక్కో ఏడు ఒక్కో ఇంట్లో ఎవరూ పలకరు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పెద్దామె మళ్లీ అడగదు, పళ్లాల మీద మూతలు పెడుతుంది. మగవాళ్లు ఎరువు గంపలెత్తుకుని చేనికి బయలుదేరుతారు. తిని పోవచ్చు కదా అని కొత్తకోడలు ఎవరైనా అంటే, ఆకలిని ఆపుకోవచ్చు గానీ 'నేల తిన్నదా' అన్న మాటకు జవాబు ఆపుకోలేం అంటారంట.