గొన్జి నక్క చూసొచ్చిన నాచు తోట

జపాను దేశంలో ఒక కొండ మీద పాతకాలపు గుడి ఉండేది. గుడి ఎప్పుడో కూలిపోయింది. దాని మెట్ల మీద, రాతి దీపస్తంభాల మీద మాత్రం వందల ఏళ్లుగా నాచు పట్టుపరుపులా పెరుగుతూ వచ్చింది. శరత్కాలంలో ఆకులు ఎర్రబడగానే ఆ తోటను చూడటానికి దూరపు అడవుల నుంచి జంతువులు తరలి వచ్చేవి.

వాటికి దారి చూపే పని షినో అనే ముసలి జింకది. ఒకసారికి పదిమందినే తీసుకెళ్లేది. రాళ్ల మీదే అడుగులు వేయించేది. ఊట దగ్గర అందరినీ నిలబెట్టి నీటి చప్పుడు విననిచ్చేది. తక్కినవాళ్లు వంతు వచ్చేదాకా కొండ కింద వేడినీటి మడుగులో కోతులతో కబుర్లు చెప్పుకుంటూ కూర్చునేవాళ్లు.

ఆ ఏడు గొన్జి అనే నక్క కూడా ఆ పనిలో దిగింది. దారి చూపినవాళ్లకు పండో, ఎండుచేపో ఇచ్చి వెళ్లడం అక్కడి మర్యాద. ఎంతమందిని తిప్పితే అన్ని చేపలు.

"వంతులూ వద్దు, ఎదురుచూపులూ వద్దు. ఒక్క పూటలో కొండంతా చూపిస్తాను, రండి" అని రెండు వందల మందిని ఒకే గుంపుగా తోలుకెళ్లింది. దారి చాలక సగం మంది నాచు మీదే నడిచారు. వారం తిరిగేసరికి తోట అంచులు ఎండిపోయాయి. ఊట బురదయింది.

షినో ఊరుకోలేకపోయింది. "గొన్జీ, ఆ నాచు వేలెడు పాకడానికి ఒక తరం పడుతుంది. ఇలా తొక్కిస్తే వచ్చే ఏడు ఏం చూపిస్తావు?"

"వచ్చే ఏటి మాట వచ్చే ఏడు చూసుకుందాంలే అత్తా. నువ్వు పదిమందిని తిప్పేలోపు నేను రెండు వందల మందిని సంతోషపెడుతున్నాను."

"మంది ఎక్కువైతే మజ్జిగ పలచన, నాయనా."

"పలచనైతే ఏం? అందరికీ అందుతుంది కదా."

తగువు కొండ పెద్ద దగ్గరికి వెళ్లింది. ఆ పెద్ద కమెజో అనే తాబేలు. నక్క ముందుగానే మాట అందుకుంది.

"తోట పాడైందంటున్నారు తాతా. నాచు మీద పడ్డవి గిట్టల గుర్తులు. నాకు గిట్టలున్నాయా? ఆవిడకున్నాయి. దారి చూపే పని ఇకమీదట నాకొక్కడికే ఇప్పించండి."

చుట్టూ చేరిన జంతువులు గుసగుసలాడుకున్నాయి. షినో పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆ నాచును కళ్లలో పెట్టుకుని కాపాడింది. తల వంచుకుని మెల్లగా అంది.

"అలాగే ఇచ్చేయండి తాతా. ఒక్కటే కోరిక. రేపు రెండు వందల మందినీ నేను తీసుకెళ్తాను, అచ్చం గొన్జి పద్ధతిలోనే. తను చూడవచ్చిన చుట్టంలా అందరికంటే వెనక నడవాలి. తిరిగొచ్చాక ఏం చూశాడో మీ ముందు చెప్పాలి. చెప్పగలిగితే నేను తప్పుకుంటాను."

'ఓస్, నాకు తెలియని తోటా?' అనుకుని నక్క ఒప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే గుంపు కదిలింది. పొగమంచు దట్టంగా ఉంది. నక్కకు ముందు దైగొరో అనే అడవిపంది నడుస్తోంది.

"మామా, కాస్త పక్కకు జరుగుతావా? ఏమీ కనబడటం లేదు."

"నాకు మాత్రం ఏం కనబడుతోంది అల్లుడూ? నా ముందు ఎలుగుబంటి ఉంది. మొన్న నువ్వు తిప్పినప్పుడూ దీని వీపే చూశాను."

ముందు నుంచి షినో గొంతు వినబడుతోంది గానీ ఒక్క ముక్కా అందడం లేదు. ఎవరిదో కాలు నక్క కాలి మీద పడింది. మోచిప్పలదాకా బురద చిమ్మింది. ఎప్పుడు అయిపోతుందా అనుకుంటూ కుంటుకుంటూ నడిచింది.

తిరిగొచ్చాక కమెజో అడిగింది. "ఏం చూశావు నాయనా?"

గొన్జి గొంతు సవరించుకుంది. "ఏమని చెప్పను తాతా! మెట్ల మీద నాచు పచ్చలు పరిచినట్టుంది. దీపస్తంభాల మీద ఎర్రటి ఆకులు రాలుతున్నాయి. ఊటలో నా ముఖం అద్దంలో చూసుకున్నట్టు కనబడింది. ఇంత చక్కగా ఇంకెవరు చూపిస్తారు?"

తాబేలు షినో వైపు తిరిగింది.

"తాతా, దెబ్బతిన్న తోటను మళ్లీ తొక్కించడానికి నాకు మనసు రాలేదు. ఇవాళ మేం అటు వెళ్లనే లేదు. కొండ వెనక పాడుబడ్డ ముల్లంగి మడుల చుట్టూ తిప్పి తీసుకొచ్చాను."

"ముల్లంగి వాసన వేస్తుంటే ఆకలి వల్ల అనుకున్నాను" అంది అడవిపంది. అంతటా నవ్వులు రేగాయి.

షినో అతిథుల ముందు తల వంచింది. "మిమ్మల్ని మోసం చేశాను, మన్నించండి. నాలుగు రోజులు ఉంటామంటే పదేసి మందిగా అసలు తోట చూపిస్తాను."

"ఇంతదూరం నడిచొచ్చి ఎలుగు వీపు చూసి పోతామా? ఉంటాం" అంది దైగొరో.

కమెజో తీర్పు చెప్పింది. ఒకసారికి పదిమందే. దారి చూపే పని షినోదే. ఎండిన నాచు చిగురించేదాకా నీళ్లు మోసి తడపాల్సింది గొన్జి. తోక నేలకు ఆనించుకుని నక్క కుండ అందుకుంది.

వెంట తిప్పినవాడల్లా చూపించినవాడు కాడు.