రాయి మోసిన కొమురవ్వ

తాతల తాతలకు మీసాలు మొలవని నాటి మాట. చింతవాగుకు ఈవల మూడూళ్లు, ఆవల మూడూళ్లు ఉండేవి. ఎండాకాలం పిల్లలు ఆడుకునే ఆ వాగు, వానాకాలం ఏనుగునైనా ముంచేది.

ఈవలి ఒడ్డున కొమురవ్వ అని ఒక మేదరామె ఉండేది. బుట్టలల్లి బతికేది. ఒక్కగానొక్క బిడ్డ మల్లవ్వను ఆవలి ఊరికిచ్చింది.

ఓ వానాకాలం మల్లవ్వకు నొప్పులొచ్చాయి. అల్లుడు ఆవలి ఒడ్డున నిలబడి కేకేశాడు. కొమురవ్వ మంత్రసాని చెయ్యి పట్టుకుని పరుగెత్తింది. వాగు పొంగి పారుతోంది. దిగితే నడుము లోతు, ఇంకో అడుగేస్తే మెడ లోతు. మంత్రసాని ఆమెను వెనక్కి లాగింది. పొద్దుగుంకేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. అప్పుడు ఆవల నుంచి ఏడుపులు వినిపించాయి. తల్లీ పోయింది, కడుపులో పిల్లా పోయింది.

వాగు తగ్గేదాకా కొమురవ్వ బిడ్డను పూడ్చిన చోటు కూడా చూడలేదు.

"వాగులో రాళ్లు పేర్చి బాట వేద్దాం" అని మొదటి ఊరి పెద్దనడిగింది. "గంగమ్మకు కోపమొస్తది" అన్నాడతను. రెండో ఊరి పెద్ద "ముందు పక్కూరోళ్లను రమ్మను" అన్నాడు. మూడో ఊరి పెద్ద తలెత్తి చూడనైనా లేదు. "బుట్టలమ్మేదానివి, నీకెందుకే?" అన్నాడు.

కొమురవ్వ మళ్లీ పెద్దల గడప తొక్కలేదు. బుట్టలమ్ముతూ ఇల్లిల్లూ తిరిగింది. తిరగలి విసిరేవాళ్ల పక్కన కూర్చుంది. కలుపు తీసేవాళ్లతో వంగి కలుపు తీసింది. ఎక్కడికెళ్లినా ఒకటే మాట.

"ఆవలి ఒడ్డున నీకెవరున్నరే బిడ్డా?"

"మా అక్కున్నదవ్వా."

"నా బిడ్డున్నది."

"మా అమ్మున్నది" అని ఒకామె తిరగలి ఆపేసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

"అయితే నాతో ఒక రాయి మొయ్యి."

ఎండలు ముదిరి వాగు ఎండింది. మొదటి రోజు కొమురవ్వ ఒక్కతే గుట్ట మీది నుంచి రాయి మోసింది. రెండో రోజు తిరగలి ఆపినామె వచ్చింది. మూడో రోజు ఆడవాళ్లంతా కదిలారు. మూడో ఊరి పెద్ద పెళ్లాం కూడా నడుముకు కొంగు చుట్టి రాయెత్తింది. ఇళ్లలో పొయ్యి వెలగకపోయేసరికి మగవాళ్లూ బండ్లు కట్టారు. అది చూసి ఆవలివాళ్లు అటునుంచి పేర్చుకుంటూ వచ్చారు. ఏనుగెత్తున లేచిన రెండు బాటలూ వాగు నడుమ కలిశాయి.

వానలొచ్చాయి. నీళ్లు రాళ్ల సందుల్లోంచి పారాయి. బాట నిలిచింది. జనం పరుగున దాటారు. అక్కాచెల్లెళ్లు కావలించుకుని ఏడ్చారు. అందరికంటే వెనక కొమురవ్వ దాటింది.

"మరి నీకెవరున్నరవ్వా?" అని తెలియక అడిగింది ఒక కొత్త కోడలు.

"నా బిడ్డను దాసుకున్న మట్టున్నది తల్లీ."

కొమురవ్వ వెళ్లి ఆ మట్టి మీద చెయ్యి వేసి, "ఆలిశమైంది మల్లీ, వచ్చిన" అంది.

కొమురవ్వ పోయిన రోజు ఆరూళ్ల జనం ఆమెను భుజాల మీద మోసి, ఆ బాట మీదుగానే తీసుకెళ్లి బిడ్డ పక్కన పడుకోబెట్టారు.

ఇప్పటికీ ఏటా వానలు వెలిశాక, కొట్టుకుపోయిన రాళ్లను ఆరూళ్లూ కలిసి మళ్లీ పేరుస్తాయి. తొలి రాయి బిడ్డను పోగొట్టుకున్న తల్లి పెట్టాలి. అందాకా ఎంతటి పెద్దలైనా చేతులు కట్టుకుని నిలబడాలి. ఆవలి ఊరికి బిడ్డను సాగనంపే ఏ తల్లీ అక్కడ "పోయిరా" అనదు.

"వాన పడ్డా వస్త బిడ్డా" అంటుంది.