కాటిదిబ్బ మీద కుండ

అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు గవరయ్యగారికి లేదు. అడిగినవాళ్ళ చేతికి ముందు ఏదో ఒక పని అప్పగించేవారు. పైడమ్మకు కుండ అప్పగించారు.

ఆమె అడిగింది చిన్న ప్రశ్న కాదు. మొగుడి పడవ తిరిగి రాని నాటి నుంచి ఊరు ఆమెను 'పడవముంచి' అంటోంది. చేపల వేటకెళ్ళేవాళ్ళు ఆమె ఎదురైతే వెనక్కి మళ్ళుతున్నారు. తట్టుకోలేక ఈ దీవికొచ్చి గవరయ్య గురువుగారి పాకలో తలదాచుకుంది.

"ఊరు పెట్టిన పేరు ఎప్పటికైనా పోతుందా గురువుగారూ? పోదంటే చెప్పేయండి, ఇక ఆ ఒడ్డు మొహం చూడను."

"రేవులో కుండ ఖాళీగా ఉంది," అన్నారాయన.

పూర్వం ఈ దీవి నిప్పులు కక్కే కొండ. ఓడవాళ్ళు కాటిదిబ్బ అనేవారు. ఇక్కడ కూర్చున్నవాడి కన్నుగప్పి జలసంధిలో ఒక్క ఓడా దాటలేదు గనుక రాజులు దీనికోసం కొట్టుకు చచ్చారు. గెలిచిన ప్రతివాడూ దీవికి తన పేరు పెట్టి, ఆ పేరు చెక్కిన రాయి రేవులో పాతించాడు. ఓడవాళ్ళు ఆ రాళ్ళకు దణ్ణం పెట్టి, పడవెక్కాక మళ్ళీ కాటిదిబ్బ అనే అన్నారు. తర్వాతెప్పుడో కొండ చల్లారింది. నిప్పు కక్కిన గుంటలో వాననీళ్ళు నిలిచాయి. నీళ్ళకోసం పైకెక్కినవాళ్ళు, వచ్చే పడవకని ఒక కుండ కిందికి మోసుకొచ్చి రాజుల రాళ్ళ నీడలో పెట్టి పోవడం ఆచారమైంది.

పైడమ్మ గుంటలో నీళ్ళు నింపిన కుండ తెచ్చి రేవులో దించుతుండగానే పడవొకటి ఒడ్డుకు తగిలింది. ముందు దిగినవాడు ఆమె మరిది ఎర్రన్న. ఆమె గబుక్కున రాయి చాటుకు నక్కింది. తన ముఖం చూస్తే ఆ నీళ్ళు కూడా ముట్టరేమో!

ఎర్రన్న ముంతతో ముంచుకుని గటగటా తాగాడు. "ఎవరు నింపారో గానీ, ఆళ్ళ కడుపు చల్లగుండాల!"

"ఈ దిబ్బ పేరేమిటి నాయనా?" పైనుంచి దిగుతూ గురువుగారు అడిగారు.

"నీళ్ళదిబ్బ. తెలీనట్టు అడుగుతారేటి?"

"కాటిదిబ్బ అంటారని విన్నానే."

"ఆ మాట మా ముత్తాతలు అనేవోరట. ఈ నీళ్ళు తాగిన నోటితో ఎవడంటాడు బాబూ!"

పైడమ్మ రాయి చాటునుంచి బయటికొచ్చింది. ఎర్రన్న చేతిలో ముంత ఆగిపోయింది. ఆమెనూ కుండనూ మార్చి మార్చి చూశాడు. వెనక పడవలో ఎవరో గొంతు సవరించుకున్నారు. చివరికి ముంత ఆమె ముందుకు చాపాడు.

"ఇంకాస్త పొయ్, వొదినా."

పోసింది. పడవలోవాళ్ళు కూడా దిగొచ్చి తాగారు. పైడమ్మ తలెత్తకుండానే, "పడవలో చోటుందా?" అంది.

"ఎందుకుండదు?"

గురువుగారు ఖాళీ అయిన కుండను మెల్లగా ఆమె వైపు జరిపారు.

"ఎక్కేముందు నింపి పెట్టమ్మా. ఇంకా పడవలొస్తాయి."