మద్దిగట్టు కొయ్యింటి అమ్మవారు

మద్దిగట్టు కొండ ఎక్కిన భక్తులు ముందుగా గుడి ఎక్కడని అడుగుతారు. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. నల్లని కొయ్య స్తంభాలు, వాటిని కలుపుతూ అడ్డంగా, ఏటవాలుగా దూలాలు, నడుమ వెదురు తడికల మీద మట్టి మెత్తి సున్నం వేసిన గోడలు, కింది గదుల కన్నా మూరెడు ముందుకు వచ్చిన మేడ కనిపిస్తాయి. ఇంగ్లాండు పల్లెలో రైతు ఇల్లు ఇలాగే ఉంటుందట. ఈ కొయ్యిల్లే అమ్మవారి ఆలయం. ఇంటి నడిమి స్తంభమే మూలవిరాట్టు.

పూర్వం ఇక్కడ కాఫీ తోట వేయడానికి ఆల్డెన్ అనే దొర వచ్చాడు. తాను పుట్టిన ఇంటి వంటి ఇల్లు కావాలని, మైదానం నుంచి లక్కోజు నరసాచారి అనే వడ్రంగిని పిలిపించి, బండ మీద బొగ్గుతో ఆ ఇంటి బొమ్మ గీసి చూపాడు. ఇనుప మేకు ఒక్కటీ వాడకుండా కొయ్య చీలలతోనే కట్టాలన్నాడు. విషజ్వరానికి ఆలుబిడ్డలను పోగొట్టుకున్న నరసాచారికి ఎక్కడున్నా ఒకటే. ఒప్పుకున్నాడు.

నడిమి స్తంభానికి తగిన మాను కొండ మొత్తానికి ఒక్కటే ఉంది. అది అమ్మవారు కొలువున్న మద్దిచెట్టు. మూడు రోజులు నరసాచారి గొడ్డలి ఎత్తలేకపోయాడు. నాలుగో నాటి మధ్యాహ్నం ఆ చెట్టు కిందే కునుకు పట్టగా, అమ్మవారు కలలో కనిపించింది.

"కొట్టుకో నాయనా. ఆ కొయ్యలోనే ఉంటాను. ఇక్కడ నాకు పిట్టల తోడు ఉండేది. అక్కడ మాత్రం నన్ను ఒంటరిగా వదలకు" అన్నది.

"వదలను తల్లీ" అని మాట ఇచ్చాడు.

ఇల్లు లేవడానికి రెండేళ్లు పట్టింది. ఏ కొయ్య దేనిలో ఇమడాలో తెలిసేలా ఆయన ఉలితో చెక్కిన గుర్తులు అతుకుల మీద నేటికీ ఉన్నాయి. ఆపై మూడో వానకాలంలో దొర జ్వరంతో మరణించాడు. కూలీలు కొండ దిగిపోయారు. నరసాచారి తమ్ముడు వచ్చి, "పద అన్నయ్యా, ఈ కొంపలో ఇంకెవరున్నారని?" అని బతిమాలాడు.

"ఆమె ఉందిరా. నేను వచ్చేస్తే ఆమెకెవరున్నారు?" అని నరసాచారి కదలలేదు.

ఇరవై ఆరేళ్లు ఒక్కడే ఉన్నాడు. కురిసిన చోట కప్పు సవరించాడు, రాలిన చోట మట్టి మెత్తాడు. రోజూ దీపాల వేళకు స్తంభం ముందు కూర్చుని, ఆనాడు గుమ్మం తొక్కిన వారి పేర్లు అమ్మకు చెప్పేవాడు. చాలా రోజులు చెప్పడానికి పేరే ఉండేది కాదు.

చేతులు వణికి ఉలి పట్టలేని వయసులో, తన తర్వాత అమ్మకు తోడెవరన్న దిగులు ఆయనను పట్టుకుంది. అప్పుడొకనాడు గురుబారి అనే గిరిజన వితంతువు వానలో తడిసి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నీ వాళ్లెవరమ్మా?" అని అడిగాడు.

"ఎవరూ లేరు తాతా."

"అయితే లోపలికి రా. ఇక్కడి అమ్మకూ ఎవరూ లేరు."

తొమ్మిదో రోజున ఆయన కన్నుమూశాడు. గురుబారి కొండ దిగలేదు.

నాటి నుంచి నా అన్నవారు లేని స్త్రీయే ఇక్కడ పూజారిణి. కానుకలు తీసుకోదు. వచ్చినవారి పేరు అడిగి తెలుసుకుని, దీపాల వేళకు అమ్మకు వినిపిస్తుంది. తోడులేక కుంగినవారు ఇక్కడ పేరు చెప్పుకుని వెళితే గుండె బరువు తగ్గుతుందని భక్తుల నమ్మకం. ఎవరూ రాని రోజున పూజారిణి తన పేరే చెప్పి దీపం పెడుతుంది.